ఇంటి తొట్టిలో సొరచేపలు, టేకు చేపలు

సొరచేపల్లో ఇప్పటిదాకా గుర్తించినవి 500కు పైగా జాతులు. వాటి దగ్గరి చుట్టాలైన టేకు చేపల వర్గంలో మరో 600కు పైగా ఉన్నాయి. ఇన్ని జాతుల్లో ఇంట్లో గాజు తొట్టి కట్టి నిండు ఆయుష్షు బతికించగలిగినవి చాలా కొద్ది. మిగిలినవి ఎందుకు పనికిరావో తెలిస్తే, ఆ కొద్దీ ఎందుకు పనికొస్తాయో కూడా తెలుస్తుంది.

ఈ రెండు వర్గాలకూ ఒంట్లో ఎముక ఉండదు, అస్థిపంజరమంతా మృదులాస్థే. బొచ్చె, రాగండి వంటి చేపలకు కడుపులో గాలితిత్తి ఉంటుంది కాబట్టి అవి ఈదకపోయినా నీళ్లలో ఒక మట్టాన నిలబడగలవు. సొరకు ఆ తిత్తి లేదు. నూనె నిండిన పెద్ద కాలేయం ఒంటిని కొంత తేలిక చేస్తుంది గానీ, ఈత మానితే సొర మెల్లగా అడుగుకు దిగిపోతుంది. నడిసముద్రంలో తిరిగే చాలా సొరలకు ఊపిరి కూడా ఈతతోనే ముడిపడి ఉంది. నోరు తెరుచుకుని ముందుకు సాగుతుంటేనే నీళ్లు మొప్పల గుండా పారతాయి. అటువంటి సొరను గదిలో పట్టే తొట్టిలో వేస్తే నాలుగుసార్లు తోక ఊపేలోపే గోడ అడ్డం వస్తుంది. మళ్లిన ప్రతిసారీ వేగం పోతుంది, శక్తి వృథా అవుతుంది, మూతి గాజుకు రాసుకుని పుండు పడుతుంది. కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం 2004లో ఒక గ్రేట్ వైట్ సొర పిల్లను దాదాపు 38 లక్షల లీటర్ల తొట్టిలో 198 రోజులు ఉంచి, ఆ తర్వాత సముద్రంలో వదిలేసింది. అంత నీటిలోనూ ఆ జాతికి శాశ్వత నివాసం కుదరలేదు.

ఇంటికి పనికొచ్చేవి నేలను అంటిపెట్టుకుని బతికే చిన్న సొరలు. పగలంతా పగడపు దిబ్బల సందుల్లో పడుకుని, చీకటి పడ్డాక ఇసుకలో రొయ్యలను, పీతలను, పురుగులను వెతుక్కుంటాయి. ఇవి ఊపిరి కోసం ఈదనక్కర్లేదు. బుగ్గల కండరాలతో నీటిని లోపలికి పీల్చి మొప్పల మీదికి తోసుకుంటాయి. కంటి వెనక ఉన్న చిన్న రంధ్రం కూడా నీళ్లు తీసుకోవడానికి సాయపడుతుంది. కదలకుండా గంటల తరబడి పడుకోగలగడమే వీటిని తొట్టికి సరిపడే జీవులను చేసింది.

అక్వేరియం దుకాణాల్లో షార్క్ పేరుతో అమ్మే మంచినీటి చేపలకు ఈ చర్చతో సంబంధం లేదు. బాలా షార్క్, ఎర్రతోక నల్ల షార్క్ రాగండి కుటుంబానివి. ఇరిడిసెంట్ షార్క్ మీసాల చేప. పంగాసియస్ పేరుతో కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో సాగు చేసేది దాన్నే. వేలెడు పిల్లగా కొన్న ఆ చేప పెరిగితే మీటరు దాటుతుంది. అసలైన చిన్న సొరలన్నీ ఉప్పునీటివే.

ఏ సొరలు?

ఇంటి పెంపకంలో ఎక్కువగా కనిపించేవి వెదురు సొరలు. వీటిలో గోధుమ పట్టీల వెదురు సొర, తెల్లచుక్కల వెదురు సొర ముఖ్యమైనవి. రెండూ హిందూ మహాసముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ దాకా ఉన్న లోతు తక్కువ నీటి జీవులు. వీటి దగ్గరి జాతులు బంగాళాఖాతంలోనూ ఉన్నాయి, ట్రాలర్ల వలల్లో మిగతా చేపలతో కలిసి పడుతుంటాయి. పిల్లగా ఉన్నప్పుడు ఒంటి మీద నలుపు తెలుపు పట్టీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కొనేవారిని ఆకట్టుకునేది ఆ పట్టీలే. గోధుమ పట్టీల జాతిలో వయసు వచ్చేసరికి అవి మాసిపోయి ఒళ్లంతా ఒకే గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పటికి చేప పొడవు మీటరుకు చేరువవుతుంది, కొన్ని దాన్ని కూడా దాటుతాయి.

ఆస్ట్రేలియా ఈశాన్యాన గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఉండే ఎపొలెట్ సొర వెదురు సొరల కుటుంబంలో అన్నిటికన్నా ఆసక్తికరమైనది. ఛాతీ రెక్కల పైన తెల్లటి వలయంతో పెద్ద నల్లమచ్చ ఉంటుంది. ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గి, పగడపు మడుగుల్లో అది చిక్కుకుపోతుంది. రాత్రిపూట ఆ మడుగుల్లో ఆక్సిజన్ అడుగంటుతుంది. మామూలు చేప చచ్చిపోయే ఆ నీటిలో ఎపొలెట్ సొర గంటకు పైగా తట్టుకోగలదు. మడుగు మరీ ఎండితే రెక్కల మీద పాకుతూ, నడుస్తున్నట్టే పక్క మడుగుకు చేరుతుంది. ఇరుకులో మెలగడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య కాబట్టే తొట్టి జీవితానికి తొందరగా అలవాటు పడుతుంది. అదే విద్య తొట్టికి మూత లేకపోతే ప్రాణం తీస్తుంది, గట్టెక్కి బయట పడిపోతుంది. మూత బరువుగా, బిగుతుగా ఉండాలి.

స్థలం తక్కువున్నవారికి అన్నిటికన్నా మేలైనది పగడపు పిల్లిసొర. సన్నటి ఒంటి మీద తెల్లని చుక్కలూ నల్లటి గీతలూ కలగలిసి పాలరాతి మీది మరకల్లా ఉంటాయి. పెద్దదైనా 70 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. వెదురు సొరకన్నా ధర ఎక్కువ, దొరకడం తక్కువ. అయినా ఇంట్లో పెట్టుకోవడానికి ఒకే ఒక సొర ఎంచుకోవాలంటే ఇదే సరైనది.

అమ్మకానికి వచ్చినా కొనకూడనివి కొన్నున్నాయి. నర్స్ సొర పిల్ల అడుగు పొడవుతో ముద్దుగా, సాధువుగా ఉంటుంది. పెరిగితే మూడు మీటర్ల దరిదాపులకు వస్తుంది. నల్లకొన రీఫ్ సొర ఆగకుండా ఈదే రకం. కాలిఫోర్నియా తీరపు చిరుత సొర, కొమ్ము సొర చల్లని నీటివి, వాటిని 26 డిగ్రీల తొట్టిలో పెడితే మెల్లగా చంపినట్టే. చిరుత సొర విషయంలో ఇంకో సంగతి ఉంది. కాలిఫోర్నియాలో 36 అంగుళాలకన్నా చిన్న చిరుత సొరను పట్టడం చట్టవిరుద్ధం. అయినా 2000 దశకంలో వేలాది పిల్లలను దొంగతనంగా పట్టి అక్వేరియం వ్యాపారంలోకి పంపిన ముఠా అమెరికాలో పట్టుబడి, నిందితులకు జైలుశిక్ష పడింది. సముద్రం నుంచి పట్టిన పిల్లకు గిరాకీ ఉన్నంతకాలం ఇటువంటివి జరుగుతూనే ఉంటాయి.

గుడ్డు నుంచి పిల్ల దాకా

వెదురు సొర, ఎపొలెట్ సొర, పిల్లిసొర మూడూ గుడ్లు పెట్టేవే. గుడ్డు చూడటానికి గుడ్డులా ఉండదు. అరచేయి పొడవున, గోధుమరంగులో, తోలుతో కుట్టిన చిన్న సంచిలా ఉంటుంది. తల్లి సాధారణంగా ఒక్కోసారి రెండేసి పెడుతుంది. సంచి అంచున ఉన్న పీచులు పగడపు కొమ్మలకు చుట్టుకుని అది కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. విదేశాల్లో ఈ గుడ్లను కూడా అమ్ముతారు.

చీకట్లో గుడ్డు వెనక టార్చి వెలుగు పెడితే లోపలిదంతా కనిపిస్తుంది. మొదటి వారాల్లో పసుపుపచ్చని సొన గుండ్రంగా నిండి ఉంటుంది, దాని మీద దారప్పోగులా పిండం అటూ ఇటూ మెదులుతుంటుంది. రెండో నెలకల్లా తలా తోకా స్పష్టమవుతాయి. తోక నిరంతరం ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపు సంచిలో నీటిని కదిలిస్తుంది. పిండం పెరిగాక సంచి అంచుల్లో సన్నటి చీలికలు తెరుచుకుని బయటి నీరు లోపలికీ, లోపలి నీరు బయటికీ వెళుతుంది. రానురాను సొన తరిగి పట్టీల ఒళ్లు సంచిని నింపేస్తుంది. నీటి వేడిని బట్టి మూడు నుంచి ఐదు నెలలకు, జానెడు లోపు పొడవున్న పిల్ల సంచి చివర చీల్చుకుని బయటికి వస్తుంది. తొందరపడి కత్తెరతో సంచి కోయడం పెద్ద తప్పు. సొన మిగిలి ఉండగా బయటపడ్డ పిల్ల దక్కడం అరుదు.

గుడ్డులోని పిండానికే తనను తాను కాపాడుకునే తెలివి ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు 2013లో గోధుమ పట్టీల వెదురు సొర గుడ్ల దగ్గర, వేటాడే చేప విడుదల చేసేటటువంటి విద్యుత్తును పుట్టించి చూశారు. బాగా పెరిగిన పిండాలు ఆ క్షణమే మొప్పల కదలిక ఆపేసి, ఊపిరి బిగబట్టి, తోక చుట్టుకుని బిగుసుకుపోయాయి.

పుట్టిన పిల్ల కొన్నాళ్లు ఏమీ తినదు, కడుపులో మిగిలిన సొనతో గడుపుతుంది. మొదటి మేత అలవాటు చేయడమే పెంపకంలో కష్టమైన ఘట్టం. సన్నగా తరిగిన రొయ్య ముక్కను, స్క్విడ్ ముక్కను ప్లాస్టిక్ పటకారుతో పిల్ల మూతి దగ్గర కదిలించాలి. దీపాలు ఆర్పి ఈ పని చేస్తే ఫలితం ఉంటుంది, ఎందుకంటే ఇవి రాత్రి తినే జీవులు.

తొట్టిలోని ఆడసొరలు శాస్త్రానికి కొత్త సంగతులు నేర్పాయి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలోని బెల్ ఐల్ అక్వేరియంలో మగతోడు లేని తెల్లచుక్కల వెదురు సొర పెట్టిన గుడ్లు 2002లో పొదిగాయి. ఆ పిల్లలకు తండ్రి లేడని తర్వాత జన్యు పరీక్షలు తేల్చాయి. మరో ఆడ వెదురు సొర మగదాని బీజాన్ని 45 నెలలపాటు ఒంట్లో దాచుకుని పిల్లను కన్నట్టు 2015లో ప్రకటించారు. ఈ గుడ్ల పెంపకం నేర్పిన ఒడుపే ఇప్పుడు సముద్రానికి అక్కరకొస్తోంది. అక్వేరియంలలో పెట్టిన జీబ్రా సొర గుడ్లను ఇండోనేసియాలోని రాజా అంపాట్ దీవులకు పంపి, అక్కడ పొదిగిన పిల్లలను 2023 నుంచి సముద్రంలోకి వదులుతున్నారు.

ఎంత తొట్టి, ఎంత బరువు?

సొర కోసం తొట్టి కట్టేటప్పుడు చూడాల్సింది లోతు కాదు, అడుగు వైశాల్యం. ఎత్తైన తొట్టి నేల మీద బతికే చేపకు ఉపయోగపడదు. మీటరు పొడవు పెరిగే చేప సులువుగా వెనక్కి తిరగాలంటే తొట్టి వెడల్పు కూడా దాదాపు అంత ఉండాలి. వెదురు సొరకు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు కనీస కొలత. పిల్లిసొరకు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలు. తొట్టిని బట్టి చేప పెరుగుదల ఆగిపోతుందన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది, అది నిజం కాదు. ఇరుకు తొట్టిలో పెరుగుదల తగ్గినట్టు కనిపించేది చెడిన నీటివల్ల, చాలని మేతవల్ల. ఒళ్లు గిడసబారి, వెన్ను వంకర తిరిగి, ఆయువు తీరకముందే చేప చచ్చిపోతుంది.

ఎనిమిది, నాలుగు అడుగుల తొట్టిలో రెండడుగుల నీరు నింపితే అది సుమారు 1,800 లీటర్లు. ఉప్పునీటి బరువు 1,850 కిలోలు. గాజు, ఇనుప స్టాండు, ఇసుక, రాళ్లు, ఫిల్టరు తొట్టి కలిపితే రెండు టన్నులు దాటుతుంది. ఒక్క నీటినే లెక్కేసినా చదరపు మీటరుకు 600 కిలోలకు పైన పడుతుంది. మన దేశంలో ఇళ్ల గదుల శ్లాబులకు భారత ప్రమాణాల ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు. హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఇటువంటి తొట్టి పెట్టాలనుకునేవారు ముందు వెళ్లాల్సింది చేపల దుకాణానికి కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గరికి. నేల మీద కట్టిన ఇంటికి ఈ ఇబ్బంది లేదు.

అడుగున సన్నటి మెత్తని ఇసుకే వేయాలి. గులకరాళ్లు, పగడపు పెంకులు పొట్ట కింది చర్మాన్ని గీరేస్తాయి. రాళ్లు పేర్చి గుహలు కడితే అవి ఇసుక మీద కాకుండా నేరుగా తొట్టి అడుగున ఆనాలి. లేకపోతే సొర ఇసుక తవ్వినప్పుడు రాళ్లు కూలి దాని మీదే పడతాయి.

నీటి లెక్క

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. పై తొట్టికి మొదటిసారే 60 కిలోలకు పైగా అక్వేరియం ఉప్పు కావాలి. వారానికి పదో వంతు నీరు మార్చినా 180 లీటర్ల ఆర్‌ఓ నీరు, ఆరు కిలోలకు పైగా ఉప్పు ఖర్చవుతాయి. కూరల్లో వేసుకునే ఉప్పు దీనికి పనికిరాదు. సముద్రపు నీటిలో సోడియం క్లోరైడుతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వంటివెన్నో ఉంటాయి.

సొరకు ఉప్పుతో ఉన్న సంబంధం విచిత్రమైనది. సముద్రంలోని ముళ్ల చేపల రక్తం చుట్టూ ఉన్న నీటికన్నా పలచన, అందుకే అవి అదేపనిగా నీళ్లు తాగి ఉప్పును మొప్పల గుండా వెళ్లగొడుతుంటాయి. సొర వేరే దారి పట్టింది. మిగతా జీవులు వ్యర్థంగా బయటికి పంపే యూరియాను అది రక్తంలో దాచుకుంటుంది, ఆ మోతాదు దాదాపు రెండు శాతం. మనిషి రక్తంలో ఉండేదానికి అది యాభై రెట్లకు మించి ఉంటుంది. యూరియా చేసే చెరుపుకు విరుగుడుగా ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే మరో పదార్థం కూడా ఉంటుంది. ఈ రెండిటివల్ల ఒంటి ద్రవాల గాఢత సముద్రపు నీటితో సమానంగానో కాస్త ఎక్కువగానో నిలబడుతుంది. లోపలికి చేరిన అదనపు ఉప్పును పేగు చివర ఉన్న గ్రంథి బయటికి పంపుతుంది. కోస్తా ఇళ్లలో సొర పుట్టు వండేవారు తాజా సొరే కావాలని పట్టుబట్టడానికి కారణం ఇందులోనే ఉంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి, నిలవ సొర ఘాటు వాసన వేస్తుంది. తొట్టిలో ఉప్పుదనం ఒక్కసారిగా పడిపోయినా పెరిగినా ఈ తూకం తప్పుతుంది. అందుకే ఉప్పునీటి తొట్టి చేప జబ్బులకు కొందరు చేసే మంచినీటి ముంపు సొరకు ప్రాణాంతకం కావచ్చు.

సొరలూ టేకులూ మాంసాహారులు, తిండి ఎక్కువ, వదిలే అమ్మోనియా కూడా ఎక్కువే. ఫిల్టరులో నివాసముండే సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవులు స్థిరపడటానికి నెలా నెలన్నర పడుతుంది. అప్పటిదాకా తొట్టిలో సొరను వేయకూడదు. చివరికి మిగిలే నైట్రేటు అంత ప్రమాదకరం కాదని చాలాకాలం అనుకున్నారు. కానీ నైట్రేటు ఎక్కువైతే గొంతులోని థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను సరిగా తీసుకోలేదు. తెల్లచుక్కల వెదురు సొర పిల్లలను లీటరుకు 70 మిల్లీగ్రాముల నైట్రేట్ నత్రజని ఉన్న నీటిలో ఉంచితే వాటికి గాయిటర్ వచ్చిందని 2011లో ప్రచురించిన అధ్యయనం చూపింది. మనుషులకు గొంతు వాచినట్టే వీటికీ దవడ కింద వాపు వస్తుంది. చికిత్స కన్నా నీరు మార్చడమే మందు. మేతలో అయోడిన్, బి1 విటమిన్ కలపడం అక్వేరియంలలో మామూలు పద్ధతి. నెలల తరబడి ఐసులో ఉన్న చేపముక్కల్లో ఆ విటమిన్ నశించిపోతుంది.

మిగతా చేపలకు వాడే రాగి మందులు సొరకు, టేకుకు విషంతో సమానం. తొట్టిలో వాటితో కలిసి ఉన్న చేపకు జబ్బు చేస్తే ఆ చేపను వేరే తొట్టికి మార్చి మందు వేయాలి తప్ప అదే నీటిలో కలపకూడదు.

వేడి, కరెంటు ఇంకో సమస్య. ఈ సొరలకు 24 నుంచి 27 డిగ్రీలు సరిపోతాయి. రాయలసీమలో, తెలంగాణలో ఎండాకాలం బయటి వేడి 40 దాటితే గదిలోని తొట్టి నీరు 30 దాటడానికి ఎంతోసేపు పట్టదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములుంటే, 30 డిగ్రీల దగ్గర 6.2కు పడిపోతుంది. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. కరెంటు పోయి పంపులు ఆగితే పెద్ద చేపలున్న తొట్టిలో కొన్ని గంటల్లోనే కష్టం మొదలవుతుంది. చిల్లరు, దాన్ని కాకపోయినా కనీసం గాలి పంపును నడిపే ఇన్వర్టరు రెండూ తప్పనిసరి ఖర్చులే.

కరెంటు ఇంకో రకంగానూ సొరను తాకుతుంది. సొర మూతి చుట్టూ ఉన్న జిగురు నిండిన సన్నటి రంధ్రాలను ఇటలీ వైద్యుడు స్టెఫానో లోరెంజీని 1678లో వర్ణించాడు. అవి విద్యుత్తును పసిగట్టే అవయవాలని ఇరవయ్యో శతాబ్దంలో గానీ రుజువు కాలేదు. సెంటీమీటరుకు ఒక వోల్టులో వందకోట్ల వంతుల్లో ఐదు వంతులంత బలహీనమైన విద్యుత్ క్షేత్రాన్నయినా ఇవి గుర్తించగలవు. ఇసుకలో దాక్కున్న పీతను అవి కనిపెట్టేది ఇలాగే. అటువంటి జీవి ఉన్న నీటిలో తొడుగు చీలిన హీటరు వైరు, పాత పంపు నుంచి కొద్దిగా కరెంటు లీకైనా అది మేత మాని మూలన నక్కుతుంది. హీటరు, పంపు ప్రధాన తొట్టిలో కాకుండా పక్కనున్న ఫిల్టరు తొట్టిలో పెట్టి, ఎర్తింగు సరిచూసుకోవాలి. తప్పక లోపలే పెట్టాల్సివస్తే హీటరుకు ప్లాస్టిక్ జాలీ తొడగాలి, లేకపోతే దాని మీద పడుకున్న చేప పొట్ట కాలుతుంది.

టేకు చేపలు

ఉప్పునీటి టేకుల్లో అందంగా కనిపించేది నీలిచుక్కల టేకు. పసుపుపచ్చని ఒంటి మీద మెరిసే నీలి బొట్లు చూసి కొనేవారు ఎక్కువ. పట్టుకున్న తర్వాత మేత ముట్టక చచ్చిపోయేవీ అంత ఎక్కువే. దీన్ని ఇంటికి తేకపోవడమే మంచిది. ఉప్పునీటి తొట్టిలో పెట్టాలంటే అమెరికా ఖండాల తీరపు చిన్న గుండ్రటి టేకులు కాస్త తట్టుకుంటాయి, కాలిఫోర్నియా తీరానివైతే వాటికి చల్లటి నీరు కావాలి.

ఇంటి పెంపకంలో టేకు అంటే ఎక్కువగా దక్షిణ అమెరికా నదుల టేకులే. వీటి పూర్వికులు సముద్ర జీవులు. కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఖండం లోపలికి చొచ్చుకొచ్చి వెనక్కి తగ్గినప్పుడు అవి నదుల్లో ఉండిపోయాయి. తరాలు గడిచేకొద్దీ రక్తంలో యూరియా దాచే అలవాటు పోయింది. 1967లో థామస్ థార్సన్ బృందం ఈ టేకుల రక్తంలో యూరియా నామమాత్రంగా ఉందని చూపింది. ఉప్పును బయటికి పంపే గ్రంథి కూడా కుంచించుకుపోయింది. వీటిని ఉప్పునీటిలో పెట్టినా యూరియా కూడబెట్టుకోలేవు. సముద్రానికి తిరిగి వెళ్లే దారి వీటికి మూసుకుపోయింది.

వీటిలో మోటోరో టేకు గోధుమ ఒంటి మీద నారింజ కళ్లతో ఎక్కువచోట్ల దొరికే జాతి. బ్రెజిల్‌లోని షింగూ నదిలో మాత్రమే ఉండే లియోపోల్డి టేకు నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. అందరూ కోరేదీ, ధర ఎక్కువ పలికేదీ అదే. ఆ నది మీదే బెలో మోంటే ఆనకట్ట వచ్చింది. దుకాణాల్లో టీకప్పు టేకు పేరుతో అమ్మేవి చిన్న జాతి కావు, పెద్ద జాతుల పిల్లలు. అరచేతిలో పట్టే ఆ పిల్ల రెండు మూడేళ్లలో పళ్లెం దాటుతుంది. మోటోరో ఒంటి వెడల్పు తొట్టిలోనే అరమీటరుకు చేరుతుంది, తోక అదనం. ఇక్కడా ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు తొట్టి కనీసం, పెద్ద ఆడ టేకుకు అదీ చాలదు.

నదుల టేకులకు ఆకలి ఎక్కువ. పిల్లలకు రోజూ రెండుసార్లయినా మేత కావాలి. వానపాములు, పొట్టు తీసిన రొయ్యలు, చిన్న చేపముక్కలు ఇష్టంగా తింటాయి. తిండి చాలని టేకు నడుము ఎముకల్లాంటి మృదులాస్థి తోక మొదట్లో పైకి పొడుచుకొస్తుంది. చర్మం అంచులు పైకి ముడుచుకుపోతుంటే నీరు బాగా చెడిందని అర్థం, ఆ దశ నుంచి కోలుకోవడం అరుదు. మగ టేకును గుర్తించడం సులువు, తోక మొదట్లో రెండు వేళ్లలాంటి అవయవాలుంటాయి. జతకట్టేటప్పుడు మగది ఆడదాని అంచును కొరికి పట్టుకుంటుంది, ఆ పళ్ల గాట్లు కొన్ని వారాలు కనిపిస్తాయి. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లలను కంటాయి. గర్భంలోని పిల్లలకు తల్లి గర్భాశయపు గోడ నుంచి ఊరే పాలవంటి ద్రవమే ఆహారం. మూడు నెలలో అంతకు మించో మోసి కన్న పిల్ల పుట్టిన రోజు నుంచే తల్లిని పోలి ఉంటుంది, ముల్లుతో సహా.

ఆ ముల్లు గురించి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. తోక మీద రంపంలా పళ్లున్న గట్టి ముల్లు ఉంటుంది, దాన్ని కప్పిన పలచటి కణజాలంలో విషం ఉంటుంది. టేకు తనంతట తాను మనిషి మీదికి రాదు. తొక్కినా, చేత్తో పట్టినా, వలలో చుట్టినా తోక పైకి కొడుతుంది. విషం ప్రోటీన్లది కాబట్టి వేడికి బలహీనపడుతుంది. గుచ్చుకున్న చోటును 45 డిగ్రీల దాకా వేడి ఉన్న నీటిలో, ఒళ్లు కాలకుండా చూసుకుంటూ, అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. అది ప్రథమ చికిత్స మాత్రమే, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. ముల్లు విరిగి లోపల ఉండిపోతే పుండు చెడుతుంది. ఛాతీలోనో పొట్టలోనో దిగితే ఇంట్లో లాగకూడదు. ఆస్ట్రేలియా వన్యప్రాణి ప్రసారకర్త స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబరు 4న సముద్రంలో టేకు ముల్లు ఛాతీలో గుచ్చుకుని మరణించాడు. చిన్న పిల్లలున్న ఇంట్లో మూతకు తాళం ఉండాలి. టేకును ఒక తొట్టి నుంచి మరో తొట్టికి మార్చేటప్పుడు వల బదులు వెడల్పు ప్లాస్టిక్ టబ్బు వాడితే ముల్లుకు పని ఉండదు.

చట్టం, బాధ్యత

సొరలు, టేకుల్లో మూడో వంతుకు పైగా జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని 2021లో వెలువడిన ప్రపంచస్థాయి అంచనా తేల్చింది. అందుకు పెద్ద కారణం అక్వేరియం వ్యాపారం కాదు, విచ్చలవిడి వేట. కానీ షింగూ టేకు వంటి ఒకే నదికి పరిమితమైన జాతులకు కొన్ని వందల పిల్లల వ్యాపారం కూడా భారమే. 2022 నవంబరులో పనామాలో, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద జరిగిన సమావేశం లియోపోల్డితో సహా ఏడు నదీ టేకు జాతులను, నల్లకొన రీఫ్ సొర ఉన్న కుటుంబాన్ని మొత్తంగా రెండో అనుబంధంలో చేర్చింది. వాటిని దేశాల మధ్య తరలించాలంటే అనుమతి పత్రాలు ఉండాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గంగా సొర, గంగా టేకు, రంపపు సొరల వంటి జాతులను 2001 నుంచి మొదటి షెడ్యూలులో ఉంచి కాపాడుతోంది. 2022 సవరణ తర్వాత సైటిస్ జాబితాలోని జీవులను బతికుండగా పెంచేవారు ఆ వివరాలు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. కొనేటప్పుడు రసీదు, ఎక్కడ పుట్టిందో తెలిపే పత్రం అడిగి తీసుకోవడం కొన్నవారికే రక్షణ. తొట్టిలో పుట్టిన పిల్ల దొరికే జాతిలో నీటి నుంచి పట్టిన పిల్లను కొనడానికి ఏ సమర్థనా లేదు.

పెరిగిపోయిన చేపను ఏం చేయాలన్నది అందరూ చివర ఆలోచించే ప్రశ్న, నిజానికి మొదట ఆలోచించాల్సినది. వెదురు సొర 20 ఏళ్లకు పైగా బతకగలదు. పబ్లిక్ అక్వేరియంలు ఇళ్లలో పెరిగిన చేపలను తీసుకోవడం అరుదు. సింగపూర్ జలాశయాల్లో ఎవరో వదిలిన మోటోరో టేకులు స్థిరపడి పిల్లలు పెట్టాయి. ఆంధ్ర, తెలంగాణ చెరువుల్లో, కాలువల్లో ఇప్పుడు వలలు చింపుతున్న సక్కర్ చేప కూడా అక్వేరియం తొట్టిలోంచి వచ్చినదే. సముద్రంలో వదిలినా మేలు జరగదు, తొట్టిలోని రోగక్రిములు అక్కడి చేపలకు అంటుతాయి. పెంచలేని సొరనూ టేకునూ చెరువులో, నదిలో, సముద్రంలో వదలకూడదు, తగిన తొట్టి ఉన్న మరో పెంపకందారుకు అప్పగించాలి. అటువంటి మనిషి ఎవరో, ఎనిమిదడుగుల తొట్టి ఎక్కడ పెట్టాలో తేలే దాకా గుడ్డు కొనకండి.